నిక్షేపాల వేటలో దొరికిన జీవులు: కృష్ణా–గోదావరి లోతు సముద్ర అధ్యయన చరిత్ర

వ్యాససంగ్రహం

కృష్ణా, గోదావరి నదుల ముఖద్వారాలకు ఆవల, బంగాళాఖాతపు లోతుల్లో ఉన్న జీవావరణం గురించి మనకు తెలిసింది ఎవరి ద్వారా, ఏ అవసరం కోసం తెలిసింది అన్న ప్రశ్నలను ఈ వ్యాసం చారిత్రక క్రమంలో పరిశీలిస్తుంది. నౌకామార్గాల సర్వే, ఆ తరువాత ఇంధన అన్వేషణ ఈ లోతులకు దారి చూపాయనీ, అక్కడి జీవులను గురించిన జ్ఞానం చాలావరకు ఆ పనులకు అనుబంధంగానే లభించిందనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. నదిపై కట్టిన ఆనకట్టలు, సముద్రంలో తవ్విన బావులు ఈ జీవావరణాన్ని రెండు వైపుల నుంచి ప్రభావితం చేయగలవనీ, కాబట్టి తదుపరి తవ్వకాలకు ముందే అక్కడి జీవస్థితిని నమోదు చేయడం అవసరమనీ నిరూపించడం దీని ఉద్దేశం.

కీలకపదాలు: బంగాళాఖాతం, కృష్ణా డెల్టా, లోతు సముద్రం, గ్యాస్ హైడ్రేట్లు, చల్లని ఊటలు, ఒండ్రు, నిక్షేపం.

1. ఉపోద్ఘాతం

2024 సెప్టెంబరు మొదటి వారంలో విజయవాడ ప్రకాశం బ్యారేజి నుంచి 11 లక్షల క్యూసెక్కులకు పైగా వరద నీరు దిగువకు వెళ్లింది. కొట్టుకొచ్చిన పడవలు గేట్లను ఢీకొన్న దృశ్యాలను, బుడమేరు ముంచెత్తిన కాలనీలను రాష్ట్రమంతా చూసింది. లంక గ్రామాల మీదుగా, పులిగడ్డ దాటి, దివిసీమను ఒరుసుకుంటూ ఆ ఎర్రనీరు హంసలదీవి వైపు సాగింది. మన వార్తలు అక్కడితో ఆగిపోయాయి. నీరు మాత్రం ఆగలేదు. అది మోసుకెళ్లిన మట్టిలో కొంత తీరంలో మేట వేసింది, కొంత ఖండతీరపు అంచు దాటి లోతుల్లోకి జారింది. నది కథ సముద్ర సంగమంతో ముగుస్తుందని మనం చదువుకున్న భూగోళం చెబుతుంది. కానీ సముద్రం అడుగున నివసించే జీవుల దృష్టితో చూస్తే కథ అక్కడే మొదలవుతుంది.

సాధారణంగా 200 మీటర్లకు మించిన లోతును లోతు సముద్రంగా పరిగణిస్తారు. ఆ లోతు దాటితే కిరణజన్య సంయోగక్రియకు చాలినంత వెలుతురు ఉండదు. వెయ్యి మీటర్ల దగ్గర సూర్యకాంతి పూర్తిగా అంతరిస్తుంది. ప్రతి పది మీటర్లకు ఒక వాతావరణ పీడనం చొప్పున ఒత్తిడి పెరుగుతూ పోతుంది. ఇటువంటి చోట జీవం ఎలా ఉంటుందన్నది విజ్ఞానశాస్త్ర విషయం. ఆ జీవాన్ని మనిషి ఎప్పుడు చూశాడు, ఏ పని మీద వెళ్లి చూశాడు, చూసిన దానికి ఏ పేరు పెట్టాడు అన్నవి చరిత్రకు, భాషకు సంబంధించిన ప్రశ్నలు. ఈ వ్యాసం ప్రధానంగా ఈ రెండో కోవకు చెందినది.

2. పేరున్న తీరం, పేరులేని లోతు

తెలుగు తీరపు జలచరాలను శాస్త్రీయంగా నమోదు చేసిన తొలి గ్రంథాల్లో ప్యాట్రిక్ రస్సెల్ రచన ముఖ్యమైనది. ఈస్టిండియా కంపెనీ ప్రకృతి పరిశోధకుడిగా పనిచేసిన ఈ వైద్యుడు విశాఖపట్నంలో సేకరించిన రెండు వందల చేపల వర్ణనలు, చిత్రాలతో 1803లో రెండు సంపుటాలు లండన్‌లో వెలువడ్డాయి. తెలుగు పరిశోధకులకు ఈ గ్రంథంలో ఆసక్తి కలిగించేది ఒకటుంది. రస్సెల్ చాలా చేపలకు స్థానికంగా జాలరులు పిలిచే పేర్లనే రోమన్ లిపిలో రాసుకున్నాడు. ఆ తరువాత ఐరోపా శాస్త్రజ్ఞులు ఆయన చిత్రాలను ఆధారం చేసుకొని శాస్త్రీయ నామాలు పెట్టినప్పుడు ఆ పేర్లలో కొన్ని లాటిన్ వేషంలో నిలిచిపోయాయి. 'స్కాంబరాయిడిస్ టాల్' అనే చేప పేరులోని చివరి మాట రస్సెల్ నమోదు చేసిన 'టాల్ పారా' నుంచి వచ్చింది. అది మన 'తోలుపార' అని గుర్తించడం తెలుగువారికి కష్టం కాదు. పార జాతి చేపల్లో తోలు వంటి చర్మం ఉన్నదన్న జాలరి పరిశీలన, ప్రపంచ జీవశాస్త్ర నామావళిలో ఈ విధంగా చోటు సంపాదించింది.

అయితే రస్సెల్ చూసిన చేపలు వలకు అందిన చేపలు. వల వెళ్లినంత లోతు వరకే పేరు వెళ్లింది. తెప్ప మీద, నావ మీద వేటకు వెళ్లే మనిషికి రోజూ ఎదురయ్యే జీవికి పేరు అవసరం. ఎన్నడూ ఎదురుపడని జీవికి పేరు పెట్టవలసిన అగత్యం లేదు. అందువల్ల తీరపు చేపల విషయంలో ఎంతో సంపన్నమైన తెలుగు పదజాలం లోతు సముద్రపు జీవుల విషయంలో దాదాపు శూన్యం. ఇది భాష లోపం కాదు, అనుభవపు ఎల్ల.

లోతు గురించి మన సాహిత్యంలో ఊహ లేకపోలేదు. సముద్రానికి రత్నాకరమన్న పేరుంది. సముద్రంలో దాగిన అగ్ని బడబాగ్ని. ఆంధ్ర మహాభారతం ఆదిపర్వంలోని అమృతమథన కథలో సముద్రం సంపదలను, విషాన్ని కూడా ఇస్తుంది. వీటిని ఆధునిక శాస్త్రానికి ముందస్తు సూచనలుగా చదవడం పద్ధతి కాదు. కానీ ఒకటి గమనించాలి. ఈ ఊహలన్నిటిలో లోతు అంటే ఏదో దాగి ఉన్న చోటు, బయటికి తీయవలసిన చోటు. అక్కడ నివాసం ఉన్న ప్రాణుల చోటుగా అది అరుదుగా కనిపిస్తుంది. నేటి వార్తాభాషలోని 'గ్యాస్ నిక్షేపాలు' అన్న మాట ఈ ఊహకే కొనసాగింపు. ఈ మాటకున్న మరో అర్థాన్ని ముగింపులో చర్చిస్తాను.

3. ఇన్వెస్టిగేటర్ నౌక: సర్వే వెంట జీవశాస్త్రం

సుమారు 300 ఫాదమ్‌ల, అంటే 550 మీటర్ల, లోతు దాటితే జీవం ఉండదని 1840లలో ఎడ్వర్డ్ ఫోర్బ్స్ ప్రతిపాదించాడు. 1872–76 మధ్య ప్రపంచ సముద్రాలను చుట్టిన చాలెంజర్ నౌక యాత్ర ఆ భావనకు పూర్తిగా తెర దించింది. అయితే ఆ యాత్ర బంగాళాఖాతంలోకి రాలేదు. ఈ సముద్రపు లోతుల్లోని జీవులను క్రమబద్ధంగా వెలికితీసింది 1881లో బొంబాయిలో నిర్మించిన ఇన్వెస్టిగేటర్ అనే సర్వే నౌక.

ఆ నౌక అసలు పని జీవశాస్త్రం కాదు. బ్రిటిష్ ఇండియా తీరాల పటాలు గీయడం, రేవుల వద్ద లోతులు కొలవడం దాని విధి. నౌకలో ఉండే వైద్యుడికి ప్రకృతి పరిశోధకుడి బాధ్యత కూడా అప్పగించారు. సర్వే పనికి విరామం దొరికినప్పుడు అడుగును గీకే వలను లోతుల్లోకి దించేవారు. 1888 నుంచి 1892 వరకు ఈ బాధ్యత నిర్వహించిన ఆల్ఫ్రెడ్ ఆల్కాక్ తన అనుభవాలను 1902లో గ్రంథంగా ప్రచురించాడు. అంతకు ముందే, 1899లో, కలకత్తా ఇండియన్ మ్యూజియంలో చేరిన భారతీయ లోతు సముద్రపు చేపలకు ఆయన వర్ణనాత్మక పట్టిక సిద్ధం చేశాడు. పీతలు, పగడాలు మొదలైన వర్గాలపై కూడా ఆయన రాశాడు.

ఈ దశలో నామకరణం ఎలా జరిగిందో గమనిస్తే రస్సెల్ కాలానికీ దీనికీ ఉన్న తేడా స్పష్టమవుతుంది. ఈ జీవులకు స్థానిక నామం ఉండే అవకాశమే లేదు. అందువల్ల గ్రీకు, లాటిన్ ధాతువులతో పాటు నౌక పేరు కూడా జీవుల పేర్లలోకి చేరింది. 'ఇన్వెస్టిగేటోరిస్' అన్న విశేషణంతో పలు జీవుల పేర్లు నేటికీ వాడుకలో ఉన్నాయి. తీరంలో జాలరి పెట్టిన పేరును శాస్త్రం స్వీకరించగా, లోతులో నౌక తన పేరునే జీవికి ఇచ్చింది. ఆ పనిముట్టుకూ పరిమితులు ఉన్నాయి. కిలోమీటర్ల కొద్దీ తాడు చివర కట్టిన వల అడుగు మీది జీవులను పైకి తెస్తుందే కాని, అవి ఏ చోట, ఏ జీవుల సరసన, దేని మీద ఆధారపడి బతికాయో చెప్పదు. అంటే ఇన్వెస్టిగేటర్ మనకు జీవులను ఇచ్చింది కాని జీవావరణాన్ని ఇవ్వలేదు.

4. విశాఖ నుంచి కిస్ట్నా వరకు: స్వాతంత్ర్యానంతర దశ

స్వాతంత్ర్యం తరువాత ఈ తీరంలో సముద్రశాస్త్రానికి పునాది పడింది ఆంధ్ర విశ్వవిద్యాలయంలో. అమెరికా సముద్రశాస్త్రజ్ఞుడు యూజీన్ లాఫాండ్ 1950లలో అక్కడికి వచ్చి పనిచేశాడు. భూగర్భశాస్త్ర ఆచార్యులు సి. మహదేవన్, జంతుశాస్త్ర ఆచార్యులు పి.ఎన్. గణపతి, వారి శిష్యులు సముద్రపు అడుగు మట్టిని, ప్లవకాలను, తీరపు అడుగున నివసించే జీవులను అధ్యయనం చేశారు. విశ్వవిద్యాలయం 1954లోను, 1958లోను సముద్రశాస్త్ర సంపుటాలు ప్రచురించింది. ఒక తెలుగు విశ్వవిద్యాలయంలో భూగర్భ, జంతు, భౌతిక శాస్త్రాలు ఒకే సముద్రాన్ని కలిసి చూసిన అరుదైన కాలం అది.

1959 నుంచి 1965 వరకు సాగిన అంతర్జాతీయ హిందూ మహాసముద్ర యాత్రలో అనేక దేశాల నౌకలు పాల్గొన్నాయి. భారతదేశం తరఫున ప్రధానంగా పనిచేసిన నౌక పేరు ఐ.ఎన్.ఎస్. కిస్ట్నా. రెండో ప్రపంచయుద్ధ కాలంలో బ్రిటన్‌లో నిర్మించిన ఈ యుద్ధనౌకకు ఆనాటి ఆంగ్ల ఉచ్చారణలో మన కృష్ణానది పేరు పెట్టారు. 1962 నుంచి 1965 వరకు అది పరిశోధన నౌకగా మారింది. లాఫాండ్ 1964లో ప్రచురించిన పత్రంలో తూర్పు తీరపు ఖండతీరపు వాలుపై ఉన్న సముద్రాంతర దరులకు ఆంధ్ర, మహదేవన్, కృష్ణ అన్న పేర్లు కనిపిస్తాయి. లోతు సముద్రపు పటంలోకి తెలుగు నేలకు చెందిన పేర్లు చేరడం బహుశా ఇదే ఆరంభం. అయితే ఆ పేర్లు పొందింది నేల ఆకృతులే, జీవులు కావు.

ఆ యాత్రలో జీవశాస్త్రానికి పెద్దపీట వేశారు. కొచ్చిలో ప్లవకాల వర్గీకరణ కోసం ప్రత్యేక కేంద్రం వెలసింది. యాత్ర ఫలితంగానే 1966లో గోవా కేంద్రంగా జాతీయ సముద్రశాస్త్ర సంస్థ ఏర్పడింది. కానీ అన్ని నౌకలూ ఒకే ప్రమాణంతో సేకరించవలసిన జంతుప్లవకాల కోసం నిర్ణయించిన లోతు 200 మీటర్లు. వలను 200 మీటర్ల నుంచి ఉపరితలానికి నిలువుగా లాగేవారు. పోలికకు వీలైన సమాచారం కావాలంటే ఏదో ఒక హద్దు తప్పదు. ఆ హద్దు సరిగ్గా లోతు సముద్రం మొదలయ్యే చోటే పడింది.

5. ఇంధన అన్వేషణ: లోతులకు కొత్త దారి

1980ల నుంచి కృష్ణా–గోదావరి బేసిన్ అన్న మాట తెలుగు పత్రికల్లో నానుతూ వచ్చింది. 1987లో తీరానికి దగ్గరి జలాల్లో రవ్వ చమురు క్షేత్రం బయటపడింది. 1995 జనవరిలో కోనసీమలోని పాశర్లపూడి వద్ద బావి నుంచి ఎగసిన మంటలు రెండు నెలలకు పైగా ఆరలేదు. ఆ తరం కోస్తావాసులెవరూ ఆ మంటను మరువలేదు. అది కంటికి కనిపించిన ప్రమాదం కావడమే అందుకు కారణం.

తరువాతి దశలో తవ్వకాలు కంటికి కనిపించని చోటికి చేరాయి. 2002లో లోతు జలాల్లోని కేజీ–డీ6 బ్లాకులో సహజవాయువు కనుగొన్నారు. 2009 ఏప్రిల్‌లో ఉత్పత్తి మొదలైంది. 2020 డిసెంబరులో అదే బ్లాకులో ఉత్పత్తి ప్రారంభించిన ఆర్–క్లస్టర్ వద్ద నీటి లోతు 2,000 మీటర్లకు పైమాటే. 2024 జనవరిలో ఓఎన్‌జీసీకి చెందిన 98/2 బ్లాకు నుంచి తొలి చమురు వెలువడింది.

వీటితో పాటు మరో అన్వేషణ సాగింది. అధిక పీడనం, తక్కువ ఉష్ణోగ్రతల వద్ద మీథేన్ వాయువు నీటి అణువుల మధ్య బందీ అయి మంచులాంటి ఘనపదార్థం అవుతుంది. దీన్నే గ్యాస్ హైడ్రేట్ అంటారు. ఒక ఘనపు మీటరు హైడ్రేట్ కరిగితే సుమారు 160 ఘనపు మీటర్ల వాయువు విడుదలవుతుంది. 2006 ఏప్రిల్–ఆగస్టు నెలల మధ్య జాతీయ గ్యాస్ హైడ్రేట్ కార్యక్రమం తొలి యాత్రలో జాయిడెస్ రిజల్యూషన్ అనే నౌక భారత తీరాల వెంట తవ్వకాలు జరిపింది. కృష్ణా–గోదావరి బేసిన్‌లోని ఒక చోట పగుళ్లున్న బంకమట్టిలో సుమారు 130 మీటర్ల మందాన హైడ్రేట్ కనిపించింది. 2015లో జపాన్ నౌక చిక్యు రెండో యాత్రలో ఇసుక పొరల్లోనూ హైడ్రేట్ సాంద్రంగా ఉన్నట్లు తేల్చింది. బంకమట్టి కంటే ఇసుక పొరల నుంచి వాయువును రాబట్టడం సులువు. అందువల్ల ఈ ఫలితానికి ఆర్థిక ప్రాధాన్యం ఏర్పడింది.

6. చల్లని ఊటల వద్ద జీవసముదాయం

ఈ ఇంధన అన్వేషణ వెంటనే జీవం వార్త వచ్చింది. 1977లో గాలపాగోస్ దీవుల సమీపంలో వేడినీటి ఊటల వద్ద సూర్యకాంతితో ప్రమేయం లేని జీవసముదాయాన్ని కనుగొనడం జీవశాస్త్రాన్నే మలుపు తిప్పింది. 1984లో మెక్సికో సింధుశాఖలో అటువంటి సముదాయమే వేడి లేని చోట, అడుగు నుంచి మీథేన్, సల్ఫైడ్ ఊరే చోట కనిపించింది. వీటిని చల్లని ఊటలంటారు. ఇక్కడ ఆహారానికి మూలం రసాయన సంశ్లేషణ. సూక్ష్మజీవులు మీథేన్, సల్ఫైడ్ల నుంచి శక్తిని గ్రహిస్తాయి. వాటిని తమ దేహంలో ఉంచుకొని ఆల్చిప్పలు, గొట్టపు పురుగులు బతుకుతాయి. కొన్ని గొట్టపు పురుగులకు నోరు, జీర్ణాశయం ఉండవు. దేహంలోని సూక్ష్మజీవులే వాటికి అన్నదాతలు.

మన సముద్రంలో ఈ సంగతి రెండు మెట్లుగా తెలిసింది. 2009లో జాతీయ సముద్రశాస్త్ర సంస్థ పరిశోధకులు కృష్ణా–గోదావరి బేసిన్‌లో అడుగు మట్టి నుంచి తీసిన పొడవాటి నమూనాలో పూర్వకాలపు చల్లని ఊటకు ఆధారాలను ప్రకటించారు. మట్టి పొరల కింద కప్పబడిన ఆల్చిప్పలు, మీథేన్ వల్ల ఏర్పడిన సున్నపు ముద్దలు ఆ ఆధారాలు. ఒకప్పుడు అక్కడ జీవం ఉన్నదనీ, తరువాత మట్టి కింద సమాధి అయిందనీ వాటివల్ల తెలిసింది. దశాబ్దం తరువాత, 2019లో, ఆ సంస్థకే చెందిన పరిశోధకులు సింధు సాధన నౌకపై జరిపిన పరిశీలనల ఆధారంగా జీవించి ఉన్న ఊటల సమాచారం వెల్లడించారు. కృష్ణా–గోదావరి బేసిన్‌లో 900 నుంచి 1,800 మీటర్ల లోతున అడుగు నుంచి మీథేన్ బుడగలు పొగలా పైకి లేస్తున్నాయి. అడుగుకు రెండు, మూడు మీటర్ల కిందనే హైడ్రేట్ ఉంది. ఆ చోట్ల రసాయన సంశ్లేషణపై ఆధారపడే నాలుగు కుటుంబాల ఆల్చిప్పలు, గొట్టపు పురుగులు, నత్తలు బతుకుతున్నాయి. భారత ప్రత్యేక ఆర్థిక మండలంలో ఇటువంటి జీవావరణం నమోదు కావడం అదే మొదటిసారి.

ఇక్కడ రెండు తేదీలను పక్కపక్కన పెట్టి చూడాలి. లోతు జలాల నుంచి వాయువు తీయడం మొదలైంది 2009లో. ఆ బేసిన్‌లో సజీవమైన చల్లని ఊటల సముదాయం ప్రపంచానికి తెలిసింది 2019లో. నివాసులు ఉన్నారని తెలియడానికి పదేళ్ల ముందే ఆ ఇంటి పొలిమేరల్లో పని మొదలైంది. ఇందులో ఏ ఒక్కరి దోషమూ లేదు. జీవాన్ని వెతకడానికి కాక నిక్షేపాన్ని వెతకడానికి వెళ్లడం వల్ల వచ్చిన క్రమం ఇది. మరోవైపు, హైడ్రేట్ పరిశోధన లేకపోతే ఈ జీవులు ఇంకా చాలాకాలం మనకు తెలియకపోయేవన్నదీ నిజమే.

7. మానవ ప్రమేయం: రెండు వైపుల నుంచి

7.1 నది వైపు నుంచి

విజయవాడ వద్ద ఇంద్రకీలాద్రి, సీతానగరం కొండల మధ్య 1855 నాటికి ఆనకట్ట పూర్తయింది. దాని స్థానంలో 1957లో ప్రకాశం బ్యారేజి వచ్చింది. ఎగువన 1967లో నాగార్జునసాగర్, ఆ తరువాత శ్రీశైలం, ఇతర రాష్ట్రాల్లోని జలాశయాలు నీటితో పాటు మట్టినీ నిలిపివేశాయి. ఆంధ్ర విశ్వవిద్యాలయ భూగోళ శాస్త్రజ్ఞులు కె. నాగేశ్వరరావు, సహ పరిశోధకులు 2010లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం కృష్ణ డెల్టాకు చేరవేసిన తేలియాడే మట్టి 1966–69 మధ్య ఏడాదికి సుమారు 90 లక్షల టన్నులు. 2000–05 నాటికి అది సుమారు 4 లక్షల టన్నులకు పడిపోయింది. గోదావరిలో 1970లలో 15 కోట్ల టన్నులుగా ఉన్నది 2000–06 నాటికి 5.7 కోట్ల టన్నులకు తగ్గింది. ఆ అధ్యయనం తీరం కోతను దీనితో ముడిపెట్టి వివరించింది. దివిసీమ, నాగాయలంక ప్రాంతాల వారికి తీరం కోత పుస్తకాల్లో చదివిన విషయం కాదు.

ఈ మట్టికి లోతు సముద్రంతో ఉన్న సంబంధం అంతగా చర్చకు రాలేదు. బంగాళాఖాతంలో సుమారు 100 మీటర్ల దిగువ నుంచి కొన్ని వందల మీటర్ల వరకు ఆక్సిజన్ అత్యల్పంగా ఉండే పొర ఉంది. అరేబియా సముద్రంలోని ఇటువంటి పొరలో నత్రజని పెద్దఎత్తున వాయురూపంలో పోతుంది. బంగాళాఖాతంలో ఆ స్థితి ఇంకా రాలేదు. 2017లో వెలువడిన ఒక అంతర్జాతీయ అధ్యయనం, ఇక్కడ అతి స్వల్పంగా మిగిలిన ఆక్సిజన్ ఆ పరిణామాన్ని ఆపుతున్నదనీ, సముద్రం ఆ అంచున నిలిచి ఉన్నదనీ సూచించింది. అంచు దాటకపోవడానికి పరిశోధకులు ప్రతిపాదించిన కారణాల్లో నదుల మట్టి ఒకటి. ఉపరితలంలో చనిపోయిన ప్లవకాలకు మట్టి రేణువులు అంటుకొని బరువు పెరిగి అవి త్వరగా అడుగుకు చేరతాయి. మధ్య పొరలో కుళ్లి ఆక్సిజన్‌ను హరించే వ్యవధి వాటికి తక్కువ. 1987 నుంచి బంగాళాఖాతంలో అమర్చిన అవక్షేప సేకరణ పాత్రలు నదుల రుతువుకూ, అడుగుకు చేరే పదార్థానికీ ఉన్న సంబంధాన్ని చూపాయి.

బంగాళాఖాతానికి చేరే మట్టిలో అధిక భాగం గంగా–బ్రహ్మపుత్రలదే కాబట్టి ఒక్క కృష్ణ మట్టి తగ్గినందువల్ల సముద్రమంతా మారిపోతుందని అనలేం. కానీ కృష్ణా ముఖద్వారానికి ఎదురుగా ఉన్న వాలు మీద, దరుల్లో, ఆ నది మట్టిని, దానితో వచ్చే ఆహారాన్ని నమ్ముకున్న అడుగు జీవులకు ఈ తగ్గుదల ఏమి చేసిందన్నది న్యాయమైన ప్రశ్న. విజయవాడలో గేటు దించడం, లోతు సముద్రంలో ఆకలి అన్న రెండు విషయాల నడుమ ఉన్న దారి పొడవైనదే కాని తెగినది కాదు.

7.2 బావుల వైపు నుంచి

సముద్రపు అడుగున బావి తవ్వినప్పుడు వెలువడే రాతిపొడి, తవ్వకపు బురద చుట్టూ పరచుకొని కదలలేని జీవులను కప్పివేస్తాయి. గొట్టపు మార్గాలు, లంగర్లు అడుగును చెదరగొడతాయి. ప్రమాదం జరిగితే పరిధి మరింత విస్తరిస్తుంది. 2010లో మెక్సికో సింధుశాఖలో డీప్‌వాటర్ హొరైజన్ ప్రమాదం తరువాత, బావికి 11 కిలోమీటర్ల దూరాన, 1,370 మీటర్ల లోతున ఉన్న పగడాలు దెబ్బతిన్నట్లు పరిశోధకులు గుర్తించారు. ఉపరితలంపై తెట్టు తొలగిన తరువాత కూడా లోతులో గాయం మిగిలి ఉంటుందన్నది దాని పాఠం.

లోతు సముద్రంలో కాలం నెమ్మదిగా నడుస్తుంది. మెక్సికో సింధుశాఖ ఊటల వద్ద కొన్ని గొట్టపు పురుగులు 200 ఏళ్లకు పైగా జీవిస్తాయని అంచనా. అంటే విజయవాడ ఆనకట్ట కంటే వయసు ముదిరిన ప్రాణి ఒకటి అడుగున ఉండగలదు. 1989లో పెరూ తీరానికి దూరంగా అడుగును దున్ని ప్రయోగం చేసిన చోట, 26 ఏళ్ల తరువాత కూడా ఆ చాళ్లు చెరిగిపోలేదు. హైడ్రేట్ల విషయంలో మరో జాగ్రత్త అవసరం. ఊటల వద్ద నివసించే సూక్ష్మజీవులు పైకి వచ్చే మీథేన్‌లో పెద్ద భాగాన్ని వినియోగించి, అది నీటిలోకి చేరకుండా వడపోస్తాయి. మీథేన్ శక్తిమంతమైన హరితగృహ వాయువు. ఆ జీవుల పొర చెదిరితే కోల్పోయేది ఆ జీవులను మాత్రమే కాదు. జపాన్ 2013లో సముద్రపు హైడ్రేట్ నుంచి వాయువు తీసే తొలి పరీక్ష జరిపినప్పుడు, బావిలోకి ఇసుక చేరడంతో ఆరు రోజులకే ఆపవలసి వచ్చింది. ఈ సాంకేతికత ఇంకా నేర్చుకునే దశలోనే ఉందనడానికి అది నిదర్శనం.

8. చట్టం, ముందుచూపు

2006 నాటి పర్యావరణ ప్రభావ అంచనా ప్రకటనకు 2020 జనవరిలో చేసిన సవరణ ద్వారా చమురు, సహజవాయువు అన్వేషణ ప్రాజెక్టులను బి2 వర్గంలో చేర్చారు. ఈ వర్గానికి పూర్తిస్థాయి ప్రభావ అంచనా నివేదిక, ప్రజాభిప్రాయ సేకరణ అవసరం లేదు. ఉత్పత్తి దశకు మాత్రం అవి కొనసాగుతాయి. అన్వేషణ దశలో నష్టం తక్కువన్న వాదన దీనికి ఆధారం. కానీ పైన వివరించిన చరిత్ర మరో సంగతి చెబుతున్నది. ఈ సముద్రంలో ఏ జీవులు ఉన్నాయో తెలిసేది సాధారణంగా అన్వేషణ దశలోనే. తెలుసుకునే దశను తేలిక చేస్తే, నష్టాన్ని కొలవడానికి ఆధారమే మిగలదు.

దీనికి భిన్నమైన పద్ధతి మన దేశానికి కొత్త కాదు. మధ్య హిందూ మహాసముద్రంలో లోహపు ముద్దల తవ్వకానికి భారతదేశానికి కేటాయించిన ప్రాంతంలో, 1990లలోనే జాతీయ సముద్రశాస్త్ర సంస్థ ముందుగా అడుగు జీవస్థితిని నమోదు చేసింది. 1997లో ఉద్దేశపూర్వకంగా కొంత మేర అడుగును చెదరగొట్టి, ఆ తరువాత జీవులు కోలుకునే తీరును ఏళ్ల తరబడి గమనించింది. ఎక్కడో అంతర్జాతీయ జలాల్లో పాటించిన ఈ క్రమం మన ఇంటి ముందరి కృష్ణా–గోదావరి లోతుల్లోనూ పాటించదగినదే. 2021లో ఆమోదం పొందిన లోతు సముద్ర మిషన్, అందులో భాగమైన మత్స్య 6000 జలాంతర వాహనం ఇందుకు సాధనాలు కాగలవు. అవి నిక్షేపాల జాబితాతో పాటు నివాసుల జాబితాను కూడా తెస్తాయా అన్నదే ప్రశ్న.

9. ముగింపు

రెండు శతాబ్దాల ఈ చరిత్రలో ఒక క్రమం కనిపిస్తుంది. రస్సెల్ కాలంలో జాలరి వల తెలుగు పేర్లను ఇచ్చింది. ఇన్వెస్టిగేటర్ సర్వే మధ్య విరామాల్లో జీవులను వెలికితీసింది. కిస్ట్నా కాలపు ప్రామాణిక వల 200 మీటర్ల వద్ద ఆగింది. హైడ్రేట్ల అన్వేషణ చల్లని ఊటల దగ్గరకు చేర్చింది. ప్రతి దశలోనూ మనిషి వేరే పని మీద వెళ్లాడు, జీవం దారిలో ఎదురైంది. ఇంతవరకు లోతులకు వెళ్లడమే కష్టం కనుక ఈ క్రమం వల్ల జరిగిన నష్టం పరిమితం. తీయగల శక్తి పెరిగిన నేడు, తీసిన తరువాత తెలుసుకుందామన్న క్రమం కొనసాగితే తెలుసుకోవడానికి ఏమీ మిగలకపోవచ్చు.

ఉపోద్ఘాతానంతరం ప్రస్తావించిన 'నిక్షేపం' అన్న మాటను ఇప్పుడు పరిశీలిద్దాం. నేటి వాడుకలో నిక్షేపం అంటే భూమిలో దాగిన సంపద, తవ్వి తీసుకోదగినది. కానీ ధర్మశాస్త్రాలు చెప్పిన పద్దెనిమిది వివాదపదాల్లో నిక్షేపం ఒకటి. అక్కడ దాని అర్థం నమ్మకంతో ఒకరి వద్ద దాచిపెట్టిన సొత్తు. దాచుకున్నవాడు దాన్ని చెక్కుచెదరకుండా కాపాడి అప్పగించాలి, సొంతానికి వాడుకుంటే దోషి. తెలుగు పలుకుబడిలో ఈ అర్థపు జాడ ఇంకా పోలేదు. ఏ హానీ లేకుండా క్షేమంగా ఉన్నదాన్ని మన పెద్దలు నేటికీ 'నిక్షేపంలా ఉంది' అంటారు.

కృష్ణా ముఖద్వారానికి ఆవల, వెయ్యి మీటర్ల లోతున, వెలుతురు లేని చోట మీథేన్‌ను నమ్ముకొని బతుకుతున్న ఆల్చిప్పలకు తెలుగులో ఇంకా పేరు లేదు. పేరు పెట్టడం భాషాపరిశోధకులు చేయగల పని. ఆ పేరు పెట్టే నాటికి అవి నిక్షేపంలా ఉండేలా చూడటం మాత్రం బ్యారేజి గేట్ల దగ్గర నుంచి బావుల వరకు ఈ నీటిని, ఈ వాయువును వాడుకుంటున్న మనందరి బాధ్యత.